పసిబిడ్డ మంచానికి ఊచల సందు ఎంత?

ప్రశ్న: మా అమ్మాయికి పుట్టబోయే బిడ్డ కోసం చెక్కతో ఊచల మంచం స్వయంగా చేస్తున్నాను. ఊచల మధ్య ఎంత సందు వదలాలి? పూత ఏది వేయాలి?

జవాబు: సందు 6 సెంటీమీటర్లు దాటకూడదండీ. దాటితే బిడ్డ ఒళ్లు జారిపోయి తల ఇరుక్కుంటుంది. 5.5 సెంటీమీటర్ల చెక్కముక్కను కొలతగా కోసుకుని ప్రతి సందులోనూ పెట్టి చూడండి. ఆ అరసెంటీమీటరు తేడా ఎందుకంటే, కర్ర ఎండేకొద్దీ ఊచలు సన్నబడి సందు పెరుగుతుంది. అందుకే పచ్చి కర్ర అసలు వద్దు. ఊచలకు మేకులు కొట్టకండి, కొన్నాళ్లకు వదులవుతాయి. పై, కింది పట్టీలకు కనీసం 15 మిల్లీమీటర్ల లోతు బెజ్జాలు వేసి, జిగురుతో దించండి.

పరుపు ముందే కొని, దాన్నిబట్టి చట్రం కొలవండి. పరుపుకీ చట్రానికీ మధ్య రెండు వేళ్లు దూరితే చట్రం పెద్దదైనట్టే. పరుపు కింది పలకను బాగా దించినప్పుడు, అక్కడి నుంచి పై పట్టీ వరకు 66 సెంటీమీటర్లైనా ఉండాలి. మూల కోళ్లు పైకి పొడుచుకు రాకూడదు, బట్టలు తగులుకుంటాయి. మంచం పక్కవైపు ఊచల చట్రం కిందికి జారేలా పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. పసిపిల్లల మరణాల తర్వాత 2011లో అమెరికా అలాంటి మంచాలను నిషేధించింది.

120, 180, 220 నంబర్ల ఉప్పుకాగితంతో వరసగా రుద్ది, అంచులు గుండ్రం చేయండి. పిల్లల సామానుకు పనికొస్తుందని డబ్బా మీద రాసున్న నీటి ఆధారిత వార్నిష్ రెండు పూతలు చాలు. తడి ఆరడం వేరు, పూత పూర్తిగా గట్టిపడడం వేరు. ప్రసవానికి నెల ముందే ఈ పని ముగించండి. పాత రంగున్న చెక్క మాత్రం వాడకండి, అందులో సీసం ఉండొచ్చు.