క్రీట్ యాస, పాట మిగతా గ్రీసుకు ఎందుకు వేరు?

ముఖ్య కారణం చరిత్ర. క్రీట్ దీవి 13వ శతాబ్దం మొదట్లో ఇటలీలోని వెనిస్ చేతికి వెళ్లింది. 1669లో ఇప్పటి హెరాక్లియన్ కోట పడిపోయాక ఒట్టోమన్ తుర్కుల కిందికొచ్చింది. గ్రీసులో అధికారికంగా కలిసింది 1913లోనే. అన్ని శతాబ్దాలు విడిగా ఉన్న నేలకు తనదైన యాస మిగిలింది.

గ్రీకులో 'కె' అంటే 'మరియు'. క్రీట్ వాళ్ల నోట అది 'చె'. 'ఎ', 'ఇ'ల ముందు కకారం అలా మెత్తబడుతుంది. కన్నడలో 'కివి'గా మిగిలింది మనకు 'చెవి' అయిందే, అచ్చం ఆ తీరు. 'ఏమిటి' అనడానికి మామూలు గ్రీకులో 'తి', ఇక్కడ 'ఇండా'.

సంగీతానికి ప్రాణం లిరా. పియర్ పండు ఆకారంలో, మూడు తీగలతో ఉంటుంది. తొడ మీద నిలబెట్టి కమానుతో వాయిస్తారు. ఎడమచేతి వేళ్లు తీగను పైనుంచి అదమవు, గోటితో పక్కనుంచి తాకుతాయి. ఆ సన్నటి, కోసినట్టుండే నాదం అక్కణ్ణుంచే. తోడుగా లౌటో అనే మీటే తీగవాయిద్యం లయ పడుతుంది.

దాని మీద పాడేది మండినాద: పదిహేనేసి అక్షరాల రెండు పాదాలు, చివర అంత్యప్రాస. ఈ పేరు వెనిస్ వాళ్ల మాట నుంచి వచ్చిందే. పెళ్లిళ్లలో ఒకరు ఆశువుగా ఒకటి అందుకుంటే, ఇంకొకరు అక్కడికక్కడే బదులు కట్టి పాడతారు. నాకైతే క్రీట్ యాస అందమంతా అక్కడే వినిపిస్తుంది.