ఒరెగాన్ తీరానికి అక్టోబరులో ఆర్వీ మీద

ప్రశ్న: మేం సియాటిల్ పక్కన బోథెల్‌లో ఉంటాం. కాకినాడ నుంచి అమ్మానాన్నలు వచ్చారు. అక్టోబరు రెండో వారంలో ఆర్వీ (మంచాలు, వంటగది, బాత్రూం ఉన్న బండి) అద్దెకు తీసుకుని, ఐదు రోజుల్లో ఆస్టోరియా నుంచి 101 హైవే మీదుగా కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్స్ మహావృక్షాల అడవుల దాకా వెళ్లి రావాలనుకుంటున్నాం. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. వానొస్తే అంతా పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. మానుకోమంటారా మేడమ్?
– ఒక పాఠకుడు, బోథెల్

జవాబు: మానుకోకండి. రెడ్‌వుడ్స్ మాత్రం ఈసారికి వదిలేయండి. ఒక్క ఒరెగాన్ తీరం వెంటే 101 హైవే 363 మైళ్లు ఉంది. మలుపులు, కొండ ఎక్కుడు దిగుళ్లు, మధ్యలో ఊళ్లు. ఆర్వీతో, అదీ వానలో, కారు లెక్క పనికిరాదు. అక్టోబరు మధ్యలో అక్కడ సాయంత్రం ఆరున్నరకే పొద్దుపోతుంది. మీరు అనుకున్నట్టు వెళ్తే అమ్మానాన్నలకు బెల్టు పెట్టుకుని కూర్చోవడమే మిగులుతుంది.

మేం ఒరెగాన్‌లోనే, పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరోలో ఉంటాం, ఈ తీరానికి వానాకాలంలోనూ వెళ్తుంటాం. నాకు తెలిసిందల్లా ఒక్కటే: వాన చోట తక్కువ తిరిగి, ఎక్కువసేపు ఉండాలి. ఒకే చోట రెండు రాత్రులుంటే, పొద్దున్నంతా కురిసినా మధ్యాహ్నం తెరిపి ఇచ్చిన గంటలో చూడాల్సింది చూసేయొచ్చు. రోజూ కదిలేవాళ్లకు ఆ తెరిపి రోడ్డు మీదే గడిచిపోతుంది.

కాబట్టి రెండే మజిలీలు పెట్టుకోండి. మొదటిది ఆస్టోరియా దగ్గర ఫోర్ట్ స్టీవెన్స్ స్టేట్ పార్కు. 1906 అక్టోబరులో ఒడ్డుకు కొట్టుకొచ్చి ఇసుకలో కూరుకుపోయిన పీటర్ ఐర్‌డేల్ ఓడ ఇనుప పక్కటెముకలు ఇంకా అక్కడే ఉన్నాయి. కారు పార్కింగ్ దగ్గర్నుంచే కనిపిస్తాయి, నాన్నగారికి నడక బాధ ఉండదు. ఊళ్లో కొండ మీదున్న ఆస్టోరియా కాలమ్ అనే స్తంభం ఎక్కించాలని మాత్రం చూడకండి, 164 మెట్లు. దాని కింద నిలబడినా కొండ మీంచి కనిపించే కొలంబియా నది చాలు.

రెండోది న్యూపోర్ట్ దగ్గర సౌత్ బీచ్ స్టేట్ పార్కు. దారిలో టిల్లమూక్ చీజ్ ఫ్యాక్టరీ దగ్గర ఆగితే భోజనం, బాత్రూం, కాలక్షేపం మూడూ అయిపోతాయి. సౌత్ బీచ్ ఎంచుకోమనడానికి కారణం వానే. ఒరెగాన్ కోస్ట్ అక్వేరియం పక్కనే ఉంది. రోజంతా కురిసినా లోపల తిరగొచ్చు. తెరిపి ఇస్తే 1873 నాటి యాక్వినా హెడ్ లైట్‌హౌస్ చూసి రండి. చివరి రోజు మళ్లీ 101 పట్టకుండా, 20వ నంబరు రోడ్డు మీద కొర్వాలిస్ చేరి సియాటిల్ వైపు వెళ్లే ఐ-5 హైవే ఎక్కండి.

ఈ పార్కుల్లో హీటర్, మంచాలు ఉన్న యర్ట్‌లు (గుండ్రటి గుడారం లాంటి గదులు) కూడా అద్దెకిస్తారు. పెద్దవాళ్లకు అవే మేలని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. రాత్రి రెండింటికి బాత్రూం కోసం వానలో నడవాలి. మీకు ఆర్వీయే మేలనడానికి అదే పెద్ద కారణం. వెనక మంచానికి రెండు పక్కలా దిగే చోటున్న బండినే అడగండి. తలుపు దగ్గర మెట్టు ఎత్తుగా ఉంటుంది, తడిస్తే జారుతుంది. జారని రబ్బరు పైభాగం ఉన్న స్టూలు ఒకటి పట్టుకెళ్లండి. అమ్మానాన్నలకు నీళ్లు వాడే అలవాటు కదా, టాయిలెట్ ట్యాంకు తొందరగా నిండుతుంది. రెండో మజిలీకి బయల్దేరే ముందు ఫోర్ట్ స్టీవెన్స్‌లోనే ఖాళీ చేసేయండి.

వంట గురించి వివరంగా చెప్పాలి, మనవాళ్లు ఇక్కడే ఇబ్బంది పడతారు. వాన పడుతోందని తలుపులన్నీ బిగించి కుక్కర్ పెడితే అరగంటలో అద్దాల మీంచి నీళ్లు కారతాయి, దుప్పట్లు చెమ్మగిల్లుతాయి. తాలింపు వేయగానే పొగ అలారం మోగుతుంది. దాని బ్యాటరీ ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకండి. పైన ఫ్యాను తిప్పి, గాలి తగలని వైపు కిటికీ రెండంగుళాలు తెరవండి. చారు, కూరలకు పోపు ఇంటి దగ్గరే వేసి డబ్బాల్లో తెచ్చుకుంటే ఇంకా హాయి. అన్నం కరెంటు కుక్కర్‌లో వండుకోండి. అయితే బండికి 30 ఆంప్స్ కరెంటు మాత్రమే ఇచ్చే సైటులో కుక్కర్, మైక్రోవేవ్, కరెంటు హీటర్ కలిపి వేస్తే బ్రేకర్ పడిపోతుంది.

గాలి హెచ్చరిక ఉన్న రోజు బండి కదపొద్దు. ఆర్వీ పక్కలు వెడల్పు, వంతెనల మీద గాలి తోసేస్తుంది. బయల్దేరే ముందు ఒరెగాన్ రవాణా శాఖవాళ్ల ట్రిప్‌చెక్ వెబ్‌సైటులో రోడ్డు కెమెరాలు చూడండి. వెనక కార్లు పేరుకుంటే టర్నవుట్‌లో (రోడ్డు పక్కన బండి ఆపుకునే చోట) పక్కకు తీసి దారివ్వండి.

అన్నిటికన్నా ముఖ్యం సముద్రం. కాకినాడవాళ్లకు ఉప్పాడ ఒడ్డున కాళ్లు తడుపుకోవడం అలవాటే. ఇక్కడ వద్దు. నీళ్లు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి, అలలు చిన్నగా వస్తూ వస్తూ ఉన్నట్టుండి ఒకటి చాలా దూరం పైకి వచ్చేస్తుంది. ఒడ్డున పడున్న పెద్ద దుంగల మీద కూర్చుని ఫొటోలు దిగకండి. అల వస్తే ఆ దుంగ తేలి మనిషి మీద పడుతుంది, ప్రాణాలు పోయాయి కూడా. సముద్రానికి వీపు పెట్టి నిలబడొద్దని అమ్మగారికి మీరే దగ్గరుండి చెప్పండి.

స్టేట్ పార్కుల బుకింగ్ ఆరు నెలల ముందే తెరుస్తారు, శుక్ర శనివారాలు త్వరగా నిండిపోతాయి. ఆదివారం బయల్దేరి గురువారం తిరిగొచ్చేలా పెట్టుకుంటే బాత్రూంలకు దగ్గరి సైటు దొరికే అవకాశం ఎక్కువ. రిపేర్ల కోసం ఏదైనా భాగం మూసి ఉందేమో చూసుకుని బుక్ చేయండి.