సులువైన ప్రసంగమా, లోతైన అధ్యయనమా?

ప్రశ్న: మాది పల్నాడు ప్రాంతంలోని ఒక గ్రామ క్రైస్తవ సంఘం. ఆరాధనకు వచ్చేవారిలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. పెద్దవారిలో చాలామందికి చదవడం రాదు. అప్పులు, తాగుడు, కుటుంబ కలహాల గురించి వాక్యం చెబితే శ్రద్ధగా వింటారు. పట్నంలో చదువుకొని వచ్చిన యువకులు మాత్రం లోతైన బోధ లేదని అసంతృప్తితో ఉన్నారు. బైబిలులోని ఒక పత్రికను (అపొస్తలులు సంఘాలకు రాసిన ఉత్తరాన్ని) వరుసగా బోధించడం మొదలుపెడితే పెద్దవారు "మాకు అందడం లేదు అయ్యగారూ" అంటున్నారు. నేను ఏది వదులుకోవాలి?
– ఒక సంఘ కాపరి

జవాబు: ఏదీ వదులుకోనక్కరలేదు. బ్రతుకుకు పనికివచ్చే ఆచరణ బోధను, లోతైన బోధను వేర్వేరుగా చూడటం వల్లనే ఈ చిక్కు వచ్చిందని నా అభిప్రాయం.

ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయాన్ని చూడండి. దేవుని స్వరూపము కలిగిన క్రీస్తు తన్ను తాను రిక్తునిగా చేసుకొని (అంటే తన ఘనతను విడిచి తగ్గించుకొని), సిలువ మరణము పొందునంతగా విధేయత చూపాడని చెప్పే 5 నుండి 11 వరకు గల వచనాలపై వేదాంత పండితులు శతాబ్దాలుగా గ్రంథాలు రాస్తూనే ఉన్నారు. అయితే ఈ పత్రికను రాసిన అపొస్తలుడైన పౌలు ఆ మాటలు రాసింది పండితుల చర్చ కోసం కాదు. కక్షచేతగాని వృథాతిశయముచేతగాని ఏమీ చేయవద్దని ఒక సంఘాన్ని హెచ్చరిస్తూ రాశాడు. అదే పత్రిక నాలుగవ అధ్యాయంలో యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలను ఏకమనస్సు కలిగి ఉండమని పేరుపేరునా బతిమాలుకున్నాడు. మీ సంఘంలో పొలం గట్టు తగాదాతో మాటలు మానుకున్న అన్నదమ్ములు ఉంటే, ఆ లోతైన అధ్యాయం ముందుగా వారికే చెందుతుంది.

లోతు లేని ఆచరణ బోధ ఎక్కడికి దారితీస్తుందో కొత్త సంవత్సరానికి ఒక్కొక్క బైబిలు వచనాన్ని దేవుని వాగ్దానంగా అచ్చువేసి పంచే వాగ్దాన కార్డులలో చూస్తూనే ఉన్నాము. మీకు మేలు కలిగించే ఉద్దేశాలే నాకున్నాయని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 వాటిలో తరచుగా కనిపిస్తుంది. ఆ మాట బబులోను చెరలో ఉన్నవారికి పంపిన ఉత్తరంలోనిది. వారు తిరిగి రావడానికి 70 సంవత్సరాల గడువు దానికి ముందు వచనంలోనే ఉంది. ఇళ్లు కట్టుకొని, తోటలు నాటుకొని అక్కడే కాపురముండమన్న ఆజ్ఞ కూడా అదే ఉత్తరంలో ఉంది. ఈ సందర్భం చెప్పకుండా ఆ వచనాన్ని ఈ ఏడాదే అప్పు తీరిపోతుందన్న హామీగా అందిస్తే, డిసెంబరు నాటికి ఆ విశ్వాసి దేవుణ్ణే అనుమానిస్తాడు. సందర్భంతో కలిపి చెబితే, కష్టం తొలగిపోకముందే అందులో ఎలా బ్రతకాలో నేర్చుకుంటాడు. కూలివారికి నిజంగా పనికివచ్చే బోధ ఇదే.

చదవడం రానివారికి లోతు అందదన్న భావనను కూడా మనసులోంచి తీసివేయండి. నెహెమ్యా 8వ అధ్యాయంలో ప్రజలు ఉదయం మొదలుకొని మధ్యాహ్నం వరకు ధర్మశాస్త్రాన్ని చెవులతోనే విన్నారు, దేవాలయ సేవ చేసే లేవీయులు దాని అర్థాన్ని వివరించారు. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటివారు క్రైస్తవ సిద్ధాంతాన్ని రాగతాళాలతో కీర్తనలుగా కూర్చినందువల్లనే అక్షరం రాని మన అవ్వలు కూడా దానిని కంఠస్థం చేయగలిగారు. వారికి అందనిది సత్యం కాదు, మన పుస్తక భాష. (ప్రసంగవేదిక మీద గ్రీకు పదాలు వల్లించడం చాలాసార్లు బోధకుని చదువును చూపడానికే తప్ప వాక్యాన్ని విప్పడానికి ఉపయోగపడదు.)

ఇక ఏర్పాటు విషయానికి వస్తే, యేసు జనసమూహానికి వారి గ్రహింపు కొలది ఉపమానాలతో బోధించి, శిష్యులకు ఏకాంతంగా అన్నీ విశదపరిచాడని మార్కు 4:33, 34 చెబుతున్నాయి. కాబట్టి ఆదివారం ఒకే భాగం నుండి ఒకే విషయం చెప్పండి. వారం మధ్యలో, బుధవారం సాయంత్రం ఒక ఇంట్లో జరిగే గృహకూటంలో అదే భాగాన్ని వచనం వెంట వచనం పరిశీలించి, ప్రశ్నలు అడగనివ్వండి. ఫిలిప్పీ పత్రికతోనే మొదలుపెట్టవచ్చు: 4 అధ్యాయాలు, 104 వచనాలు, కొన్ని నెలల్లో పూర్తవుతుంది. కూటాన్ని యువకులకే పరిమితం చేయకండి. చదవడం వచ్చిన యువకులు భాగాన్ని బిగ్గరగా చదవాలి, పెద్దవారు తమ అనుభవంలో ఆ మాట ఎక్కడ తగిలిందో చెప్పాలి. లోతు కావాలని అడిగినవారిలో ఎందరు బుధవారం సాయంత్రం వచ్చి కూర్చుంటారో కూడా మీకు అప్పుడే తెలుస్తుంది.