కొట్టేసిన వేపచెట్టు, తెల్లబడిన డాబా

"1990లలోనే మేల్కొని ఉంటే ఏమైనా జరిగేది, ఇప్పుడు చేసి లాభమేమిటి?" అని వాతావరణ మార్పు గురించి మీరు అడిగారు. మీ మాటలో మొదటి సగం నిజం. 1988 జూన్‌లోనే జేమ్స్ హాన్సెన్ అనే శాస్త్రవేత్త భూమి వేడెక్కుతోందని అమెరికా సెనేట్ కమిటీ ముందు తేల్చి చెప్పారు. అప్పుడు గాలిలో, వేడిని పట్టి ఉంచే కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో దాదాపు 350. ఇప్పుడు 420 దాటింది. మధ్యలో దాన్ని అదుపు చేయడానికి దేశాల మధ్య రియో, క్యోటో ఒప్పందాలు వచ్చాయి, పొగ మాత్రం పెరుగుతూనే పోయింది. ఆ ఏళ్లను తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

అయితే నేనూ అలాగే కాలం పోగొట్టుకున్నాను. 2011లో హైదరాబాద్ రామంతాపూర్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు కారు నిలపడానికి గేటు పక్క వేపచెట్టు కొట్టించాను. అమ్మ వద్దని ఎంతో చెప్పింది. సోలార్ గురించి అడిగి, ధర విని వదిలేశాను. ఆ తర్వాత ప్రతి ఏప్రిల్‌లోనూ పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రి పదకొండు దాటినా సెగలు కక్కేది. రెండు ఏసీలు కొన్నాం. అవి తిరగడానికి ఎక్కడో ఇంకాస్త బొగ్గు మండేది.

2023లో తెలంగాణ ప్రభుత్వం, పైకప్పులు వేడెక్కకుండా చూసే కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. ఆ వార్త చదివాక, మరుసటి వేసవి రాకముందే డాబాకు ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత వేయించాను. పై గదిలో రాత్రిపూట తేడా మొదటి వారంలోనే తెలిసింది. ఇప్పుడు ఒక ఏసీ చాలు. 2024లో మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించాను. కేంద్రం 78,000 రూపాయల రాయితీ ఇచ్చింది. ప్యానెళ్ల ధర ప్రపంచ మార్కెట్లో 2010 నాటి దానిలో అయిదో వంతు కూడా లేదు. అప్పట్లో నావంటి వాళ్లకు అందని వస్తువు ఇప్పుడు చేతికందింది.

ఇక లాభం సంగతి. పరిశ్రమలు రాకముందు కంటే భూమి వేడి 1.5 డిగ్రీలు పెరిగితే పగడపు దిబ్బల్లో 70 నుంచి 90 శాతం పోతాయని, 2 డిగ్రీలైతే 99 శాతానికి పైగా పోతాయని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర సంఘమైన ఐపీసీసీ 2018లోనే చెప్పింది. ఆ అర డిగ్రీ కోసం పాకులాడటం వృథా అని నేను అనలేను.

గేటు పక్క మళ్లీ వేప నాటాను. పూత రెండు రోజుల్లో వేయించగలిగాను గానీ, ఆ నీడ కోసం ఇంకా పదేళ్లు ఆగాలి. అమ్మ ఇప్పుడు లేదు.

మీది సొంత డాబా అయితే, మధ్యాహ్నం నీడ పడని 300 చదరపు అడుగుల చోటు ఉందేమో చూసి రాయండి. మూడు కిలోవాట్లకు అంత చాలు.