కోత, మేట, పూడిక, ఒండ్రు: ఏ మాట ఎక్కడ?

సందేహం: వరద తీశాక పేపర్లో "పొలాల్లో ఇసుక మేటలు వేసింది" అని రాస్తారు. మా అబ్బాయి స్కూలు పుస్తకంలో "క్రమక్షయం, నిక్షేపణ" అని ఉంది. మా మామగారేమో "ఈసారి ఒండు బాగా పట్టింది" అంటారు. మేట, పూడిక, ఒండు అన్నీ ఒకటేనా? ఒండ్రు అనాలా, వండ్రు అనాలా? (గోదావరి లంక గ్రామం నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: అమ్మా, అన్నీ ఒకటి కావు. పేపరు రాసిందీ సరైనదే, మీ మామగారు అన్నదీ సరైనదే, కాకపోతే ఇద్దరూ రెండు వేర్వేరు సంగతులు చెబుతున్నారు.

ఏరు కోస్తుంది, మోస్తుంది, దించుతుంది. నీటికి వడి ఉన్నంతసేపు దేన్నయినా మోసుకుపోతుంది, వడి తగ్గగానే బరువైనవి ముందు దించేస్తుంది: గులకరాళ్లు, తర్వాత గరుకు ఇసుక, తర్వాత సన్న ఇసుక, అన్నిటికన్నా చివర మెత్తటి మట్టి. గట్టుకు గండి పడి నీళ్లు పొలాల మీద పడ్డాక వెళ్లి చూడండి. గండి పక్క పొలంలో మోకాలి లోతు ఇసుక ఉంటుంది. అదే నీరు నాలుగైదు పొలాలు దాటి, వడి చచ్చి, రెండు రోజులు నిలిచిపోయిన చోట వేలెడు మందాన నున్నటి మట్టి పరుచుకుని ఉంటుంది, ఎండితే పెంకుల్లా పగిలి అంచులు పైకి లేస్తాయి. మొదటిది మేట, రెండోది ఒండ్రు. మేట అంటే కుప్ప అనే అర్థం (గడ్డిమేటు గుర్తు తెచ్చుకోండి). మేట పడ్డ రైతు ఇసుక తీయించుకోవడానికి అప్పు చేయాలి, ఒండ్రు పట్టిన రైతు మరుసటి పంటకు ఎరువు తగ్గించుకోవచ్చు. ఒకే వరద, ఒకే ఊరు, అయినా ఈ రెండిటినీ ఒకే మాటతో చెప్పేస్తే ఎవరికి నష్టమో ఎవరికి మేలో తెలియకుండా పోతుంది.

ఇక పూడిక. పూడడానికి ముందు గుంట ఉండాలి. చెరువు పూడుతుంది, కాలువ పూడుతుంది, బావి పూడుతుంది, పొలం మాత్రం పూడదు, దాని మీద మేట వేస్తుంది. పారుతూ వచ్చిన నీరు జలాశయంలో ఆగగానే మోసుకొచ్చిందంతా అడుగుకు చేరుతుంది. తుంగభద్ర డ్యాం కట్టినప్పుడు, అంటే 1953 నాటికి, అందులో దాదాపు 133 టీఎంసీలు పట్టేవి, ఇప్పుడు లెక్క కడుతున్నది 105 చిల్లర. ఆ తేడా అంతా పూడికే. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి ఆ మట్టిని రైతులు పొలాలకు తోలుకున్నారు, అక్కడ "పూడికమట్టి" అన్న మాట ఎంత చక్కగా అతికిందో చూడండి. ఇంకొకటి, పూడటం వేరు, పూడ్చటం వేరు. "చెరువు పూడింది" అంటే ఏరు చేసిన పని, "చెరువు పూడ్చారు" అంటే మనిషి చేసిన పని. వార్తల్లో ఇది తారుమారైతే అర్థమే మారిపోతుంది.

పుస్తకంలో మాటల సంగతి. క్రమక్షయం అంటే మెల్లమెల్లగా అరిగిపోవడం, కొండరాయి విషయంలో బాగుంటుంది. కానీ ఏరు వంపు తిరిగే చోట వెలుపలి గట్టును నీరు అడుగున తొలిచేస్తే, కొబ్బరిచెట్లతో సహా పెద్ద పెళ్ల ఒక్క రాత్రిలో ఏట్లోకి జారిపోతుంది. అందులో క్రమం ఎక్కడుంది? దానికి "కోత" అన్నదే సరైన మాట. కాకినాడ దగ్గర ఉప్పాడ తీరంలో సముద్రం చేస్తున్నదీ కోతే. "కోతకు గురవుతోంది" అని రాసే అలవాటు కూడా మానాలనిపిస్తుంది నాకు. "గట్టు కోసుకుపోతోంది" అంటే సరిపోయేదానికి ఈ గురవడం ఎందుకు?

నిక్షేపణ తప్పు మాట కాదు, దించి ఉంచడం అనే దాని అర్థం. కానీ నిక్షేపం అనగానే మనకు పాతిపెట్టిన ధనమో, బొగ్గు గనులో, "నిక్షేపంలా ఉన్నాడు" అన్న పలుకుబడో గుర్తొస్తాయి తప్ప ఇసుక గుర్తురాదు. పిల్లవాడికి "ఏరు మేట వేయడం" అని ముందు చెప్పి, దాన్నే పుస్తకంలో నిక్షేపణ అంటారని చెప్పండి, పరీక్షలో పుస్తకం మాటే రాసుకుంటాడు.

వీలైతే ఒక పని చేయించండి. శ్రావణంలో వచ్చే ఎర్రనీరు ఒక గాజుగ్లాసులో పట్టి కదపకుండా పెట్టించండి. నిమిషంలో ఇసుక దిగుతుంది, మెత్తటి మట్టి మాత్రం గంటలు గడిచినా నీటిలోనే తేలుతుంటుంది. వెనక బిందె లోపల చిల్లగింజ అరగదీసి ఈ మట్టినే త్వరగా దిగేలా చేసేవారు. దిగాక పైన నీరు తేరింది అంటాం, తేరిన నీరు తేట. జబ్బు చేసి లేచినవాణ్ణి "తేరుకున్నాడు" అంటామే, అదీ ఈ తేరడమే.

చివరిది, ఒండ్రా వండ్రా అని. ఒడ్డును వడ్డు అనీ ఒళ్లును వళ్లు అనీ పలికినట్టే ఇక్కడా మొదట వకారం వినిపిస్తుంది. పలకడంలో రెండూ ఉన్నాయి, రాసేటప్పుడు ఒండ్రు అని రాయండి. మామగారి ఒండును మాత్రం దిద్దకండి.