విమానాశ్రయ అగ్నిమాపక కేంద్రాల డిజైన్: మరీ ఇరుకు దారా?

ప్రశ్న: మా అమ్మాయి ఆర్కిటెక్చర్ చివరి సంవత్సరంలో ఉంది. థీసిస్‌కు విమానాశ్రయ అగ్నిమాపక, రక్షణ కేంద్రాన్ని ఎంచుకుని, ఆ రంగంలోనే స్థిరపడతానంటోంది. టెర్మినళ్ల డిజైన్‌లో మాస్టర్స్ చేయమని మేం నచ్చజెబుతున్నాం. రెండింటిలో ఏది మేలు?

జవాబు: మీరు పోలిక అడిగారు గాని, ఇంత చదివించిన పిల్ల చివరికి ఫైరింజన్ల షెడ్లు గీస్తూ ఉండిపోతుందేమోనన్నదే మీ అసలు దిగులు. ముందు ఆ షెడ్డు సంగతి చూద్దాం.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల ప్రకారం, పిలుపు అందాక 3 నిమిషాలు దాటకుండా, వీలైతే 2 నిమిషాల్లోనే, వాడుకలో ఉన్న ప్రతి రన్‌వేలో ఏ మూలకైనా మొదటి వాహనం చేరి నురుగు చిమ్మగలగాలి. కేంద్రం ఎక్కడ ఉండాలో, ఒక్కటి చాలకపోతే ఉపకేంద్రం ఎక్కడ కట్టాలో ఈ గడువే తేలుస్తుంది. నిండు ట్యాంకుతో పదుల టన్నులు తూగే వాహనం మలుపు దగ్గర వేగం తగ్గించక తప్పదు కాబట్టి రన్‌వేకు దారి వీలైనంత తిన్నగా ఉండాలి. పరిశీలన గది కిటికీకి ఆగి ఉన్న విమానాల తోకలు అడ్డురాకూడదు. పొగ, రసాయనాలు పట్టిన దుస్తులు పడక గదుల వైపు రాకుండా వాటికి వేరే దారి, వేరే ఉతికే చోటు ఉండాలి. నిద్రలోంచి లేచి పరుగెత్తే మనిషికి ఎదురుగా తెరుచుకునే ఒక్క తలుపు చాలు, విలువైన క్షణాలు పోవడానికి. ఇన్ని చిక్కులను ఒక్క ప్లాన్‌లో విప్పగలిగే అమ్మాయిని తక్కువగా చూస్తున్నది మీరేనని చెప్పక తప్పదు.

టెర్మినళ్ల మోజు మీద నాకు మొదటినుంచీ అనుమానమే. బ్రోషర్‌లో మెరిసే పైకప్పు వంపులను నిర్ణయించేది పేరుమోసిన కొద్దిమంది. పెద్ద సంస్థలో చేరిన కొత్తవాళ్ల చేతికి తరచూ వచ్చేవి మరుగుదొడ్ల వివరాలు, తలుపుల పట్టికలు. రూపమే సర్వస్వం అనుకునేవారు 1993లో ప్రముఖ ఆర్కిటెక్ట్ జహా హదీద్ జర్మనీలోని ఒక ఫర్నిచర్ కర్మాగారానికి కట్టిన అగ్నిమాపక కేంద్రాన్ని గుర్తుచేసుకోవాలి. ఎంతో పేరు తెచ్చుకున్న ఆ భవనంలో ఇప్పుడు ఫైరింజన్లు లేవు, ప్రదర్శనలు జరుగుతున్నాయి.

అయితే కేవలం అగ్నిమాపక కేంద్రాలతోనే జీవితకాలం పని దొరుకుతుందని నేను చెప్పను, అవి అంత ఎక్కువగా ఉండవు. కాని క్షణాల లెక్కతో భవనాన్ని ఆలోచించడం వచ్చిన మనిషి ఆస్పత్రి అత్యవసర విభాగాలకూ, అంబులెన్స్ కేంద్రాలకూ, నియంత్రణ గదులకూ పనికొస్తుంది. తిండికి లోటు రాదు. ముందు డిగ్రీ, లైసెన్సు పూర్తిచేసి, రన్‌వే వైపు పనులు చేపట్టే సంస్థలో రెండేళ్లు పనిచేయనివ్వండి. ఆ తర్వాత కూడా ఆసక్తి నిలిస్తే, ఫైర్ ఇంజనీరింగ్‌లో పైచదువు టెర్మినళ్ల కోర్సు కన్నా ఆమెకు ఎక్కువ అక్కరకొస్తుంది. ఈలోగా అనుమతి తీసుకుని ఒక కేంద్రంలో మాక్‌డ్రిల్ చూసి, గంట మోగినప్పటి నుంచి వాహనం గడప దాటేదాకా పట్టిన సమయాన్ని తన ప్లాన్ మీద గుర్తించుకోమనండి.