నికాన్ ఎఫ్ఎం2, మామియా ఆర్బీ67, యాషికా మ్యాట్: ల్యాండ్‌స్కేప్ కోసం ఏది ఉంచుకోవాలి?

మీ ప్రశ్న ఇది కదా: మీరుండేది మహబూబ్‌నగర్. మీ దగ్గర 28, 50, 105 ఎం.ఎం. లెన్సులతో (అంకె పెరిగేకొద్దీ దూరంది దగ్గరగా కనిపిస్తుంది) 35 ఎం.ఎం. ఫిల్మ్ వాడే నికాన్ ఎఫ్ఎం2, ఒక్క 90 లెన్సుతో ఇంకా పెద్ద ఫిల్మ్ వాడే మామియా ఆర్బీ67, మీ మేనమామ స్టూడియో మూసేశాక మీకొచ్చిన యాషికా మ్యాట్ 124జీ ఉన్నాయి. డిజిటల్ కెమెరా వేరే ఉంది. తీసేది గుట్టలు, చెరువులు, కోటలు. ఫిల్మ్‌కి ఒక్కటే ఉంచుకుని మిగతావి అమ్మేద్దామనుకుంటున్నారు.

నాది నల్గొండ. ఎఫ్ఎం2, ఆర్బీ రెండూ కొన్నేళ్లు పక్కపక్కన వాడి, చివరికి ఎఫ్ఎం2 అమ్మేశాను. మీకూ అదే చెప్తాను, ఆర్బీ ఉంచుకోండి. అంత బరువు గుట్ట మీదికి ఎవరు మోస్తారని చాలామంది అంటారు. ఆ మాటకి తర్వాత వస్తాను.

ముందు నెగెటివ్ సంగతి. ఎఫ్ఎం2లో వచ్చే 35 ఎం.ఎం. ఫ్రేమ్ 24×36 మిల్లీమీటర్లు. ఆర్బీ ఫ్రేమ్ ఇంచుమించు 56×70, అంటే వైశాల్యంలో నాలుగున్నర రెట్లు. వేరే చోట్ల ఈ తేడా అంతగా పట్టకపోవచ్చు. మన దగ్గర పడుతుంది, ఎందుకంటే మనం తీసేది రాయి. రాచకొండ గానీ, దేవరకొండ గానీ, మీ కోయిల్‌కొండ గానీ, ఎటు చూసినా గ్రానైట్ గుండ్లే. వాటి మీద వాననీళ్లు జారిన నల్లటి చారలు, పగుళ్లు, ఎండిన నాచు, సందుల్లోంచి మొలిచిన సీతాఫలం పొదలు. చిన్న నెగెటివ్‌ని పెద్దది చేస్తే రాతి గరుకేదో ఫిల్మ్ గ్రెయిన్ (ఫిల్మ్ సొంత రేణువులు) ఏదో కలిసిపోతుంది. నేను భువనగిరి బండని రెండింటితోనూ తీశాను. ఎఫ్ఎం2 ప్రింటులో బండ ఒక బూడిదరంగు ముద్దలా ఉంది. ఆర్బీ ప్రింటులో పొద్దున ఏటవాలు ఎండకి రాతి పొరలన్నీ విడివిడిగా కనిపించాయి.

రెండో కారణం మీ డిజిటల్ కెమెరా. ల్యాండ్‌స్కేప్ వరకు 35 ఎం.ఎం. ఫిల్మ్ ఇవ్వగలిగింది చాలావరకు అదే ఇచ్చేస్తుంది, ఇంకా శుభ్రంగా. ఎఫ్ఎం2 గొప్ప కెమెరానే, కాదనను. షట్టర్ పూర్తిగా మెకానికల్, బ్యాటరీ అయిపోతే వెలుతురు కొలిచే మీటర్ ఒక్కటే ఆగుతుంది. జాతర్లు, బజార్లు, మనుషులు తీసేవాళ్లకైతే అదే ఉంచుకోమనేవాణ్ణి.

ఆర్బీలో నాకు బాగా నచ్చింది తిరిగే బ్యాక్, అంటే వెనక ఫిల్మ్ ఉండే పెట్టె. అడ్డం ఫ్రేమ్ నిలువు చేయాలంటే ట్రైపాడ్ మీద కెమెరాని పక్కకి వంచక్కర్లేదు, బ్యాక్ తిప్పితే చాలు. సూర్యుడు లేచాక మంచి వెలుతురు ఉండేదే కాసేపు. పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద చలికాలం మంచు విడిపోయేలోపు రెండు రకాలూ తీసుకోవచ్చు. బ్యాక్‌లు రెండుంటే ఒకదాంట్లో కలర్, ఒకదాంట్లో బ్లాక్ అండ్ వైట్ పెట్టుకుని రోల్ మధ్యలో మార్చుకోవచ్చు. దీనికి బ్యాటరీ అసలే లేదు. రోల్‌కి పదే ఫ్రేములని బాధపడకండి, ల్యాండ్‌స్కేప్‌కి అవి ఎక్కువే.

ఫొటో కొట్టేటప్పుడు కెమెరా లోపలి అద్దం లేచి వచ్చే అదురు మాత్రం తక్కువది కాదు. లెన్సు మీద మిర్రర్-అప్ పెట్టుకుని, కెమెరా బటన్‌తో అద్దం లేపి, లెన్సుకి బిగించిన కేబుల్ రిలీజ్‌తో షట్టర్ కొట్టాలి. ముందున్న గుండు నుంచి వెనక కొండ దాకా స్పష్టంగా రావాలంటే లెన్సు రంధ్రాన్ని ఎఫ్22 దాకా చిన్నది చేయాల్సి వస్తుంది, అంటే షట్టర్ నెమ్మదిస్తుంది. మల్లెలతీర్థం జలపాతం లాంటి నీడ చోట్ల సెకన్లకి సెకన్లు పడుతుంది. అప్పుడు ఫిల్మ్ చురుకుదనం తగ్గుతుందని గుర్తుంచుకోండి. ఇల్‌ఫోర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్ బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌కి మీటర్ 10 సెకన్లు చూపిస్తే దాదాపు 18 ఇవ్వాలి.

ఇక బరువు. ఎఫ్ఎం2 బాడీ 540 గ్రాములు. ఆర్బీ 90 లెన్సు, బ్యాక్‌తో కలిపి రెండున్నర కిలోలు దాటుతుంది, పైన ట్రైపాడ్. కోయిల్‌కొండ మెట్లు ఎక్కేటప్పుడు తెలుస్తుంది దాని సంగతి. కానీ మన చోట్లలో చాలావాటికి బండి దగ్గరదాకా వెళ్తుంది: కోయిల్‌సాగర్, సోమశిల, పానగల్లు. పిల్లలమర్రి మర్రిచెట్టుకి చెదలు పడితే 2018లో సెలైన్ బాటిళ్లతో మందు ఎక్కించిన సంగతి మీకు తెలిసిందే. తర్వాత నేను వెళ్లినప్పుడు ఊడల దగ్గరికి పోనివ్వలేదు, దూరం నుంచే తీశాను. అప్పుడు అక్కడ కావాల్సింది తేలిక కెమెరా కాదు, 180 లెన్సు. అన్నట్టు, మీ ఊరికి ఎవరి పేరు పెట్టారో ఆ ఆరో నిజాం కొలువులో రాజా దీన్‌దయాళ్ ఫొటోలు తీసింది గాజు ప్లేట్ల మీద. ఆయన సామానుతో పోలిస్తే మనది చేతిసంచి.

అయినా మోకాళ్లు సహకరించవనో, ఎక్కువగా నల్లమలలో నడుస్తాననో మీరంటే నా జవాబు మారుతుంది. కానీ అప్పుడు కూడా నికాన్ కాదు, యాషికా. బరువు కిలో పైచిలుకే, నెగెటివ్ 6×6 సెంటీమీటర్లు. 80 ఎం.ఎం. లెన్సు మార్చలేరు, దాని బేయొనెట్ ఫిల్టర్లు దొరకడం కష్టం, మీటర్ పాతకాలం మెర్క్యురీ బ్యాటరీకి చేసింది. మీటర్ పక్కన పెట్టి ఫోన్‌లో కొలుచుకోండి. ఎలాగూ అది అమ్మితే పెద్దగా వచ్చేదేమీ ఉండదు, మేనమామది కూడాను. నేనైతే లెక్కలో వేసుకోకుండా బీరువాలో ఉంచేస్తా.

ఫిల్మ్ కడగడానికి రెండు సైజులకీ ఒకటే తంటా. కలర్ కొరియర్‌లో పెద్ద ఊరి ల్యాబుకి పంపాల్సిందే. బ్లాక్ అండ్ వైట్ ఇంట్లో కడుక్కోవచ్చు, కానీ మే నెలలో మేడమీది ట్యాంకు నీళ్లు పొగలు కక్కుతుంటాయి. డెవలపర్ 20 డిగ్రీల్లో ఉండాలి. ఐస్ అందులో వేయొద్దు, టబ్బులో నీళ్లు, ఐస్ పోసి సీసాలు దాంట్లో పెట్టండి. ఫిక్సర్, కడిగే నీళ్లు కూడా అంతే చల్లగా ఉంచాలి. వాడని రోల్స్ ఫ్రిజ్‌లో పెట్టండి, ఎండలో ఆగిన కారులో మాత్రం వద్దు. స్కానింగ్‌కి మీ డిజిటల్ కెమెరా, ఒక మ్యాక్రో లెన్సు, కింద తెల్లటి లైటు సరిపోతాయి.

అమ్మే ముందు ఆర్బీతో ఒక రోల్ తీసి కడిగించి చూడండి. బ్యాక్ లోపలి ఫోమ్ మన ఎండలకి జిగటగా కరిగిపోయి ఉంటే ఫ్రేమ్ అంచుల్లో వెలుతురు చారలు పడతాయి. ఫోమ్ మార్చడం పెద్ద పనేం కాదు. అది సరిగ్గా ఉందని తేలాకే ఎఫ్ఎం2 బేరం పెట్టండి. వచ్చిన డబ్బుతో ముందు గట్టి ట్రైపాడ్ కొనండి, మిగిలితే 65 లెన్సు. అది 35 ఎం.ఎం. కెమెరాలో 32 లెన్సులా చూస్తుంది కాబట్టి మీ నికాన్ 28 లేని లోటు పెద్దగా తెలియదు. నికాన్ కేబుల్ రిలీజ్ మాత్రం కొన్నవాళ్లకి ఇచ్చేయకండి, అదే ఆర్బీ లెన్సుకీ పడుతుంది.